వేటపాలెం సారస్వత నికేతనం పాత రోజుల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్తే అండి. చీరాల పక్కన వేటపాలెంలో ఉన్న సారస్వత నికేతనం లైబ్రరీ చరిత్ర రాద్దామని మొదలుపెట్టాను, కాస్త హెల్ప్ కావాలి. 1918లో పెట్టారు, 1929లో గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేశారు, అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇంకా అక్కడే దాచిపెట్టారు, ఇవన్నీ పేపర్లలో చాలాసార్లు వచ్చినవే. నాకు కావాల్సింది అక్కడికి వచ్చి చదువుకున్న మామూలు జనం సంగతి. నేతపని వాళ్ల ఊరు కదా, మగ్గం దిగాక సాయంత్రం పేపర్ చదవడానికి వచ్చేవాళ్లా, ఆడవాళ్లకి పుస్తకాలు ఇంటికి పంపేవాళ్లా, పక్క ఊళ్ల నుంచి ఎవరెవరు వచ్చేవాళ్లు, ఇలాంటివి. మీ తాతగారో అమ్మమ్మగారో చెప్పినవి ఏమున్నా, చిన్న విషయమైనా సరే, రాయండి ప్లీజ్.

ఇంకోటి, 1921 చీరాల పేరాల ఉద్యమం టైంలో వచ్చిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు అక్కడ చూసినవాళ్లు ఉంటే, ముందుగా పర్మిషన్ తీసుకోవాలా, ఫోన్‌తో ఫోటో తీసుకోనిస్తారా, కాగితం ముట్టుకుంటే పొడైపోయే స్థితిలో ఉందా చెప్పండి. పెద్దవాళ్లు ఉండగానే ఇవన్నీ రాసిపెట్టాలని నా తాపత్రయం.