‘బోగ న్యెత్’: లేడా, ఇక్కడ లేడా?

చిన్నప్పుడు మా ఇంట్లో గోడకు ఒక సోవియట్ పోస్టర్ బొమ్మ ఉండేది, ఏదో పత్రికలోంచి కత్తిరించింది. వ్యోమగామి నవ్వుతూ ఆకాశంలో తేలుతుంటాడు, కింద చర్చి గుమ్మటాలు, రష్యన్‌లో ‘బోగ న్యెత్’. దాని పక్కన నాన్నగారు పెన్సిల్‌తో తెలుగు రాశారు. ‘దేవుడు లేడు’ అనా, ‘దేవుడు ఇక్కడ లేడు’ అనా? ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

— 1975లో వ్లదీమిర్ మెన్షికోవ్ వేసిన పోస్టర్ అది. ‘దేవుడు లేడు’, అంతే. మూలంలో ‘ఇక్కడ’ లేదు.

— మాటల్లో లేకపోయినా బొమ్మలో ఉంది కదా మాస్టారూ. పైగా ‘న్యెత్’ అచ్చం మన ‘లేడు’ లాంటిదే. ఇవాన్ ఇంట్లో లేడన్నా అదే మాట, దేవుడే లేడన్నా అదే మాట.

— నా అభ్యంతరం ఆ ‘డు’ మీద. ‘న్యెత్’కి లింగం లేదు. ‘దైవం లేదు’ అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది.

— దైవం అంటే విధి కూడా. ఆ పోస్టర్ పోట్లాట గుడితో, విధితో కాదు. ‘బోగ్’ పుంలింగమే, ‘లేడు’ ఉండనివ్వండి.

— పైన దేవుడు కనపడలేదన్న గగారిన్ మాటేగా దీనికి ఆధారం?

— గగారిన్ అన్నట్టు రికార్డుల్లో లేదన్నా. 1962లో సియాటిల్‌లో మరో సోవియట్ వ్యోమగామి తితోవ్ అన్నాడు, దేవుణ్ణీ దేవదూతల్నీ చూడలేదని. ‘చూడలేదు’ అన్నాడు, గమనించండి. 13 ఏళ్లకు పోస్టర్‌లో అది ‘లేడు’ అయింది.

— తితోవ్ 17 సార్లు భూమిని చుట్టి వెదికాడు. ప్రహ్లాదుడి చేత ‘ఎందెందు వెదకి చూచిన’ అనిపించిన పోతన గుర్తు రావడం లేదూ మీకెవరికీ?

— ప్రహ్లాదుడికి సందేహమే లేదు. ఇక్కడ కావలసింది గజేంద్రుడు. ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’. అసలు లేడేమోనని కాదు ఆ బాధ, తన దగ్గర లేడేమోనని. ‘దీనుల యెడ’, ‘అన్ని దిశలను’ అంటూ పై పాదాలన్నీ చోట్లే చెప్పాయి.

— ఒప్పుకోను. ‘అనెడివాఁడు’ చూడండి. ఉన్నాడని లోకం అనుకునేవాడు. అనుమానం ఉనికి మీదే. మా తాతగారు ఆ ‘అనెడి’ దగ్గర ఒక్క క్షణం ఆగి చదివేవారు, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

— ముందు పాఠం తేల్చండి. మీరు ‘కలఁడో’ అని రాశారు. నా దగ్గరున్న ప్రతిలో ‘గలఁడో లేఁడో’.