డెంగీ అని తేలాక కరోనా టెస్టు ఎందుకు? (అక్టోబర్ 2020)

నల్గొండ శీను: మా బావగారికి జ్వరం, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు 80 వేలు. కార్డు టెస్టులో (నిమిషాల్లో ఫలితం చెప్పేది) డెంగీ ఐజీఎం (ఒంట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. నాలుగో రోజుకి ఆయాసం, ఆక్సిజన్ 86. అప్పుడు చూస్తే కరోనా. జ్వరంతో వచ్చిన ప్రతివాళ్లకీ మొదటిరోజే రెండు టెస్టులూ చేయాలి. కాదనేవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌పిల్లోడు: అన్నా, ఐజీఎం కార్డు ఒక్కటే నమ్ముకోవడం తప్పు. సింగపూర్‌లో ఇద్దరికి డెంగీ కార్డు పాజిటివ్ వచ్చి చివరికి కరోనా అని తేలింది, మార్చిలోనే లాన్సెట్ వాళ్ల వైద్య పత్రికలో వేశారు. మొదటి ఐదు రోజులు ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్‌ని పట్టే టెస్టు), తర్వాత ఐజీఎం, ఏదైనా ఎలీసాలో (కార్డు కన్నా నమ్మకమైన ల్యాబ్ పద్ధతి) చేయాలి.

గుంటూరు పద్మజ: మా ఇంట్లో రెండూ నెగటివ్. టైఫాయిడ్ అట!

నల్గొండ శీను: ఎలీసా గొడవ నాకెందుకు తమ్ముడూ? కరోనా టెస్టు ఎందుకు చేయలేదు?

ల్యాబ్‌పిల్లోడు: అందరికీ చేయాలంటే కిట్లేవి? ప్రైవేటులో ఆర్‌టీపీసీఆర్ (ల్యాబ్‌లో చేసే కరోనా టెస్టు) 2200 రూపాయలు. ఇంట్లో నలుగురికి జ్వరమొస్తే కూలోళ్లు ఎక్కణ్నించి తెస్తారు?

బెజవాడ ఫిజీషియన్: టెస్టు ఖర్చు ఒక సంగతి, మందులు ఇంకో సంగతి. కరోనా ముదిరితే రక్తం గడ్డలు కట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన డెంగీలో దాంతో రక్తస్రావం భయం. డెంగీకి సెలైన్ కావాలి, కరోనా ఊపిరితిత్తులకి అదే ఎక్కువైతే చేటు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఒకటి పాజిటివ్ అని రెండోది వదిలేయకూడదు. కరోనా ర్యాపిడ్ టెస్టు నెగటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ చేయాలని ఐసీఎంఆరే (కేంద్ర వైద్య పరిశోధన మండలి) చెప్పింది.

నల్గొండ శీను: విన్నావా తమ్ముడూ?

ల్యాబ్‌పిల్లోడు: విన్నా. ముక్కులో పుల్ల పెట్టేది మేమే, జ్వరమొచ్చేదీ మాకే. తిట్లు కూడా మాకేనా?

నల్గొండ శీను: నిన్ననలేదు. డెంగీ అని రాస్తే మామూలు వార్డులో ఉంచుకోవచ్చు, బిల్లు వేసుకోవచ్చు. కరోనా అంటే వేరేచోటికి పంపాలి. తెలిసే చేయలేదని నా అనుమానం.

ల్యాబ్‌పిల్లోడు: అదీ అసలు సంగతి! పొద్దుట్నుంచీ టెస్టుల మీద వాదించారేంటి మరి? రుజువుందా?

నల్గొండ శీను: కేస్ షీట్ అడిగితే తిప్పుతున్నారు. బావగారు ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నారు.

కరీంనగర్ కుర్రోడు: రుజువు లేకుండా దొంగలనకండి.

బెజవాడ ఫిజీషియన్: కాగితం మీద రాసిచ్చి అడగండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. కరోనా టెస్టు రాశారా లేదా, ఏ రోజు రాశారు, అందులోనే ఉంటుంది.

నల్గొండ శీను: రేపే ఇస్తా. షీట్ చేతికి రాగానే పేర్లు కొట్టేసి ఇక్కడే పెడతా.