నెట్ సెంటర్ల విన్‌రార్ ఉంచాల్నా, తీసేసి సెవెన్-జిప్ వెయ్యాల్నా?

ములుగురోడ్_డీటీపీ:
పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే సెంటర్ మాది. 6 సిస్టమ్‌లు, 4 విండోస్ 11, 2 విండోస్ 10. అన్నిట్ల ఫైళ్లను కుదించి, విప్పే విన్‌రార్ 5.40 ఉన్నది. తెరిచినప్పుడల్లా కొనుమని అడుగుతది, ఆ డబ్బా మూసేసి పని చేసుకునుడే. వాట్సాప్‌ల, మెయిల్‌ల జిప్‌లు, రార్‌లు (ఫైళ్లను కలిపి కుదించిన మూటలు, ఆర్కైవ్ అంటరు) వస్తయ్. లోపల పేజీలు కట్టే పేజ్‌మేకర్ ఫైళ్లు, 'అను' తెలుగు ఫాంట్లు, ఫొటోలు. విన్‌రార్ కొత్తది వేసుకోవాల్నా, అసొంటిదే సెవెన్-జిప్‌కు మారాల్నా, విండోస్‌ల ఉన్నదే సరిపోతదా? ఊకె 'ఏదైనా ఒకటే' అనకున్రి, కారణం చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్:
5.40 అయితే చర్చే లేదు, ఇప్పుడే తీసెయ్యండి. ఆ వెర్షన్ ఏస్ అనే పాత రకం ఆర్కైవ్‌లను కూడా విప్పేది. ఆ భాగంలో ఉన్న లోపం వల్ల, దొంగ ఆర్కైవ్ విప్పితే ఫైలు మనం చెప్పిన ఫోల్డర్‌లో కాకుండా, సిస్టమ్ ఆన్ కాగానే అన్నీ నడిచే స్టార్టప్ ఫోల్డర్‌లో పడేది. 2019లో 5.70 వెర్షన్‌తో ఏస్‌నే తీసి పారేశారు. 2023లో ఇంకోటి బయటపడింది: ఆర్కైవ్ లోపల ఫొటో మీద డబుల్ క్లిక్ చేస్తే, అదే పేరున్న ఫోల్డర్‌లో దాచిన స్క్రిప్టు నడిచేది. 6.23లో సరిచేశారు. 2025లో మళ్లీ స్టార్టప్ ఫోల్డర్ దారే, 7.13లో మూశారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు, అందుకే ఊళ్లో ఇన్ని పాతవి తిరుగుతున్నాయి.
పైగా అది 40 రోజుల ట్రయల్. దాటాక కొనకుండా వ్యాపారానికి వాడటం లైసెన్సుకు విరుద్ధం. సెవెన్-జిప్ వ్యాపారానికైనా ఉచితం.

సుబేదారి_సిస్టమ్స్:
లైసెన్సు మాట ఒప్పుకుంటాను. భద్రత విషయంలో మాత్రం ఒక వైపే చెబుతున్నారు. సెవెన్-జిప్ కూడా తనంతట తాను అప్‌డేట్ కాదు. 24.09కి ముందు వెర్షన్లలో, ఆర్కైవ్‌లో ఇంకో ఆర్కైవ్ ఉంటే 'ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది' అనే గుర్తు లోపలి ఫైళ్లకు అంటేది కాదు. 25.00కి ముందు సింబాలిక్ లింకుల (ఇంకో చోటికి దారి చూపే ఫైళ్ల) లోపం. అంటే అది వేసినా వెర్షన్ చూసుకునే పని తప్పదు. ఆ ఇంటర్నెట్ గుర్తు కొత్త వెర్షన్‌లో కూడా డిఫాల్టుగా అంటించదు. టూల్స్, ఆప్షన్స్, సెవెన్-జిప్ ట్యాబ్‌లో 'ప్రోపగేట్ జోన్ ఐడీ స్ట్రీమ్' ఎదురుగా 'ఎస్' పెట్టాలి. పెట్టకపోతే విప్పిన వర్డ్ ఫైలు ప్రొటెక్టెడ్ వ్యూ (మార్చనివ్వకుండా చూపే రక్షణ) లేకుండా నేరుగా తెరుచుకుంటుంది.
ఇక పనితనం. రార్ చేసేటప్పుడు రికవరీ రికార్డ్ టిక్ చేస్తే, డిఫాల్టుగా సైజు 3 శాతం పెరుగుతుంది. పెన్‌డ్రైవ్‌లో కొద్దిగా చెడినా రిపేర్ బటన్‌తో తిరిగి వస్తుంది. సెవెన్-జిప్ సొంత రకం ఆర్కైవ్ సెవెన్‌జెడ్‌లో అది లేనే లేదు. సెవెన్-జిప్ రార్‌ను విప్పుతుంది గానీ చెయ్యలేదు, రార్ కుదించే పద్ధతి విన్‌రార్ వాళ్ల సొంతం.

పరకాల_పీసీ:
విండోస్ 11లో 2023 చివరి అప్‌డేట్ల నుంచి రార్, సెవెన్‌జెడ్, టార్ (ఇంకో రకం ఆర్కైవ్) నేరుగా తెరుచుకుంటున్నాయి కదా? విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో సెవెన్‌జెడ్, టార్ చేసుకోవచ్చు కూడా. రెండూ పీకేస్తే అప్‌డేట్ బాధే ఉండదు.

కాజీపేట_జంక్షన్:
పాస్‌వర్డ్ పెట్టిన రార్ వచ్చిన రోజు తెలుస్తది. ఆ 2 విండోస్ 10 సిస్టమ్‌లకు జిప్ తప్ప ఇంకేదీ రాదు. జిప్‌లోనూ తిరకాసు ఉంది: కొత్త విన్‌రార్‌లో పాస్‌వర్డ్ పెడితే ఏఈఎస్-256 అనే గట్టి తాళం పడుతుంది, విండోస్ 10 ఎక్స్‌ప్లోరర్‌కు (ఫోల్డర్లు చూపే కిటికీ) జిప్‌క్రిప్టో అనే పాత తాళం మాత్రమే తెలుసు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా అర్థంకాని ఎర్రర్ ఇస్తుంది. కస్టమర్ పాస్‌వర్డ్ తప్పు చెప్పాడని ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.
వేగం కూడా అంతే. చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న జిప్‌ను, ఉదాహరణకు ఫాంట్ల ఫోల్డర్‌ను, ఎక్స్‌ప్లోరర్‌తో ఒకసారి, సెవెన్-జిప్‌తో ఒకసారి విప్పి గడియారం చూడండి.

జమ్మికుంట_ప్రింట్స్:
మీరు ముగ్గురు ఏ సాఫ్ట్‌వేర్ అని కొట్లాడుతున్నరు. డీటీపీల పని ఖరాబయ్యేది ఆర్కైవ్ లోపల్నే ఫైలు తెరుసుడుతోని. మూడిట్ల ఏదున్నా గంతే.
జిప్ కిటికీల పేజ్‌మేకర్ ఫైలు మీద డబుల్ క్లిక్ కొడితే ఏమైతది? ఆ ఒక్క ఫైలు టెంప్ ఫోల్డర్‌ల (తాత్కాలికంగ పెట్టే జాగ) పడి అక్కడ తెరుసుకుంటది. పక్కనున్న ఫొటోలు టెంప్‌ల ఉండయ్ కాబట్టి లింకులు దొరకయ్, ఫొటో కాడ మసక బొమ్మ వస్తది. దిద్ది సేవ్ కొడితే టెంప్‌ల కాపీకే సేవ్ అయితది. విన్‌రార్, సెవెన్-జిప్ అయితే మూసేటప్పుడు 'మారిన ఫైలును ఆర్కైవ్‌ల పెట్టాల్నా' అని అడుగుతయ్. 'నో' కొడితే, లేకపోతే ఆ కిటికీ ముందే మూసేస్తే టెంప్ సాఫ్ అయి దిద్దింది మొత్తం పోతది. ఎక్స్‌ప్లోరర్ అయితే అడుగనే అడుగది. అడిగినా సరే, రార్‌ల తిరిగి పెట్టుడు సెవెన్-జిప్‌తోని కాదు.
అందుకే ఫైలు రాంగనే డీ డ్రైవ్‌ల కస్టమర్ పేరు మీద ఫోల్డర్ చేసి, రైట్ క్లిక్ కొట్టి మొత్తం విప్పాలె. పని అయ్యేదాకా అసలు జిప్‌ను ముట్టొద్దు.

పరకాల_పీసీ:
ఇది ఒప్పుకోవాల్సిందే. మరి తెలుగు పేర్ల ఫోల్డర్లు విప్పితే 'పాత్ టూ లాంగ్' ఎందుకు వస్తుంది? అదే జిప్ ఇంగ్లీషు పేరుతో రాదు.

సుబేదారి_సిస్టమ్స్:
పాత్ (డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా దారి) మొత్తం 260 అక్షరాలు దాటకూడదన్నది విండోస్ పాత హద్దు. కంటికి కనిపించే అక్షరాలు వేరు, అది లెక్కపెట్టేవి వేరు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, దానికి 6: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'హన్మకొండ' 8. పైగా 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' జిప్ పేరుతో ఫోల్డర్ చేస్తుంది, లోపల అదే పేరుతో ఇంకోటి ఉంటే పేరు రెండుసార్లు పడుతుంది. డెస్క్‌టాప్ మీద కాకుండా డీ డ్రైవ్ మొదట్లోనే ఒక అక్షరం పేరున్న ఫోల్డర్ పెట్టి అందులోకి విప్పండి.
తెలుగు పేర్లు గజిబిజిగా వస్తే కారణం వేరే. ఆ జిప్ చేసిన ప్రోగ్రామ్ పేర్లను యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలు రాసే పద్ధతి)లో రాసి, ఆ సంగతి తెలిపే గుర్తు పెట్టలేదు. మ్యాక్ నుంచి వచ్చిన జిప్‌లలో ఇది కనిపిస్తుంది. విన్‌రార్‌లో ఆప్షన్స్ మెనూలో నేమ్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చి, తర్వాత విప్పితే చాలు.

కాజీపేట_జంక్షన్:
సెవెన్-జిప్‌లో కూడా కుదురుతుంది. కమాండ్ లైన్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) మైనస్ ఎంసీపీ=65001 అని చేర్చాలి.

సుబేదారి_సిస్టమ్స్:
కుదురుతుంది, కాదనను. పెళ్లిళ్ల సీజన్‌లో కౌంటర్ ముందు పది మంది నిలబడ్డప్పుడు పిల్లలతో కమాండ్ లైన్ కొట్టిస్తారా?

కాజీపేట_జంక్షన్:
అది మీకు దక్కిన పాయింటే.

ములుగురోడ్_డీటీపీ:
అందరికి థ్యాంక్స్ అన్నా. పాత విన్‌రార్ ఆరిట్లకెళ్లి తీసేస్తున్న. ఐదిట్ల సెవెన్-జిప్, జోన్ ఐడీ 'ఎస్' చేసి పెడ్త. కౌంటర్ సిస్టమ్‌ల ఒక్కదాంట్ల విన్‌రార్ కొత్తది లైసెన్సు కొని వేస్త, రికవరీ రికార్డ్‌కు, తెలుగు పేర్లకు. ఒకటే అడుగుత: పార్ట్1, పార్ట్2 అని 5 ముక్కల రార్ వచ్చింది, నాలుగోది తెరుసుకుంటలేదు. మిగిలిన 4 ముక్కలతోని అయితదా?

సుబేదారి_సిస్టమ్స్:
రెవ్ అనే ఫైలు ఏదైనా వాటితో వచ్చిందా చూడండి. రికవరీ వాల్యూమ్ అంటారు దాన్ని. ఒక్క రెవ్ ఉంటే పోయిన ఏ ఒక్క ముక్కనైనా తిరిగి కట్టొచ్చు. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పేర్లు మార్చకుండా, పార్ట్1 మీద రైట్ క్లిక్ చేసి విప్పండి. వాట్సాప్‌లో వస్తే పేరు చివర బ్రాకెట్లో 1 చేరి ఉంటుంది ఒక్కోసారి, అది తీసెయ్యండి. తెరుచుకోకపోవడం ముక్క చెడి కాదు, ఆ పేరు వల్లే అవ్వచ్చు. రెవ్ లేకపోతే నాలుగోది మాత్రమే మళ్లీ పంపమనండి, ఐదూ అక్కర్లేదు.

జమ్మికుంట_ప్రింట్స్:
సెవెన్-జిప్ దించేటప్పుడు పేరు చూడు తమ్మీ. అసలు సైట్ల సెవెన్‌కు, జిప్‌కు నడుమ గీత ఉంటది, చివర డాట్ ఆర్గ్. దానితోని పోలినవి వేరేవి ఉంటయ్, మోసపోకు.