‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’కి మార్కు కోయాలా?

కృష్ణాతీరం: ఇంటర్ ఫస్టియర్ జవాబులో ఈ వాక్యం ఉంది. కోయాలా, వదిలేయాలా?

బడిగంట: కోయాల్సిందే. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఎగో, ఇన్ 2019 లాంటివి ఉంటే సింపుల్ పాస్టే. ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్ ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే ‘హావ్ సీన్’ లాంటి రూపం. ఈ పట్టిక నోటికొస్తే చాలు.

మిరపచేను: ఆ పట్టికే కొంప ముంచుతోందండీ. ‘దిస్ మార్నింగ్’ని ఏ గడిలో వేస్తారు? పొద్దున 10కి అడిగితే ‘హావ్ యూ సీన్ హిమ్ దిస్ మార్నింగ్?’. సాయంత్రం 4కైతే ‘డిడ్ యూ సీ హిమ్ దిస్ మార్నింగ్?’. అప్పటికి ఉదయం అయిపోయింది కదా! రీసెంట్లీ రెండిటితోనూ వస్తుంది. ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని అమెరికావాళ్లు మామూలుగానే అంటారు.

టీకప్పు: ఆఫీసుల్లో అందరూ ‘హావ్ సీన్ యెస్టర్‌డే’ అనేస్తున్నారు. ఎవరికి అర్థం కావట్లేదు?

బడిగంట: అమెరికా గొడవ మనకెందుకు సార్? అడిగింది యెస్టర్‌డే గురించి. అది తప్పా, కాదా?

మిరపచేను: తప్పే, కాదనలేదు. ఎందుకు తప్పో పిల్లలకి చెప్తున్నామా అన్నదే నా బాధ. ‘చూశాను’ అంటే పాస్ట్, ‘చూసి ఉన్నాను’ అంటే పర్ఫెక్ట్ అని గైడ్లలో రాస్తారు. ‘నిన్ను ఎక్కడో చూసి ఉన్నాను’ అని ఏ ఇంట్లో అంటారండీ? మనకి రెండూ ‘చూశాను’లోనే ఇమిడిపోతాయి. అందుకే పిల్లలు బరువుగా ఉంటుందని హావ్ తగిలిస్తారు. ‘ఎప్పుడు?’ అన్నదానికి జవాబు వాక్యంలోనే ఉంటే హావ్ తీసేయమనండి, సగం తప్పులు పోతాయి.

గోరింట: సిన్స్, ఫర్ కూడా ఇదే తంతు. ‘2019 నుంచి’, ‘ఐదేళ్ల నుంచి’ రెండూ మనకి ‘నుంచి’యే. మొదలైన చోటు చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ తప్పు, ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి.

బడిగంట: మిరపచేను గారూ, క్లాసులో అరవై మంది, పీరియడ్ 45 నిమిషాలు. ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినని పిల్లలు. మీ వివరణలకి టైమెక్కడిది? వాళ్లని గట్టెక్కించేది పట్టికే. దాన్ని తీసిపారేయమనడం తేలికే!

మిరపచేను: గట్టెక్కేది పరీక్ష ఒక్కటే సార్. అదే పిల్ల రేపు ఇంటర్వ్యూలో ‘హావ్ యూ వర్క్‌డ్ ఆన్ దిస్?’ అంటే ‘యెస్, ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ 2023’ అంటుంది. పట్టిక ఆ నిమిషంలో గుర్తురాదు.

బడిగంట: పరీక్ష తప్పితే ఇంటర్వ్యూ దాకా వెళ్లేదెవరు?

కృష్ణాతీరం: అర మార్కు కోస్తున్నాను. కింద ఇంకో వాక్యం, ‘ఐ హావ్ సీన్ హిమ్ టుడే’. దీన్ని వదిలేయొచ్చా?

మిరపచేను: వదిలేయండి. ఈ రోజు ఇంకా అయిపోలేదు.