పశువుల టీకా పరీక్షకు గుర్రపుడెక్క పీత రక్తం ఇంకా కావాలా?

పలమనేరు_పాడి
చిత్తూరు జిల్లా పాడి అంతా హెచ్‌ఎఫ్, జెర్సీ సంకరజాతి ఆవుల మీదే. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేశాక ఒకట్రెండు రోజులు జ్వరం తగిలి పాలు తగ్గుతాయని వెనకాడేవాళ్లు ఉన్నారు. టీకాలో ఎండోటాక్సిన్ (కొన్ని బ్యాక్టీరియాల గోడలో ఉండే, జ్వరం తెప్పించే విషం) ఎక్కువుంటే ఆ జ్వరం ఇంకా పెరుగుతుంది. దాన్ని పట్టే ఎల్ఏఎల్ (లిమ్యులస్ అమీబోసైట్ లైసేట్, అంటే పీత రక్తకణాల సారం) పరీక్షకు మూలం సముద్రంలోని గుర్రపుడెక్క పీత నీలి రక్తం. ఇప్పుడు పీతతో పనిలేని రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి (పీత రక్తంలోని ఒక ప్రొటీన్‌ను ల్యాబులో తయారుచేసింది) దొరుకుతోంది. పశువుల టీకాలకు పీత రక్తాన్ని పూర్తిగా మానేయాలా? తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ వైపు వాళ్లు, టీకాల క్వాలిటీ కంట్రోల్ తెలిసినవాళ్లు చెప్పండి.

కపిలతీర్థం_మైక్రో
మానేయాలి. గ్రామ్ నెగటివ్ (గోడలో ఎండోటాక్సిన్ ఉండే రకం) బ్యాక్టీరియా తగిలితే ఈ పీత రక్తం గడ్డకడుతుందని 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ చూశారు. 1964లో జాక్ లెవిన్‌తో కలిసి, దానికి కారణం ఎండోటాక్సిన్ అని, గడ్డకట్టే సరుకు పీత రక్తకణాల్లోనే ఉందని తేల్చారు. గడ్డకట్టించే చర్యల గొలుసులో మొదటి మెట్టు ఫ్యాక్టర్ సి. సింగపూర్‌లో జియాక్ లింగ్ డింగ్, బో హో ఆ ఒక్క ప్రొటీన్ జన్యువును మడ అడవుల పీత కార్సినోస్కార్పియస్ రొటుండికాడా నుంచి తీసి ల్యాబులోనే తయారయ్యేలా చేశారు. ఒడిశా, సుందరబన్స్ తీరాల్లో ఈ జాతి కూడా ఉంది.

పీత ప్రాణం ఒక్కటే కాదు, ఫలితం కూడా మెరుగవుతుంది. పీత రక్తంలో ఫ్యాక్టర్ జి అనే పక్కదారి ఉంది. సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచి, ఈస్టు ఎక్స్‌ట్రాక్ట్ నుంచి వచ్చే బీటా గ్లూకాన్ ఆ దారిన గడ్డ కట్టించేస్తుంది. ఎండోటాక్సిన్ లేని బ్యాచ్ కూడా ఫెయిలవుతుంది. రీకాంబినెంట్ కిట్‌లో ఆ దారే లేదు. యూరోపియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) 2021 జనవరి నుంచి 2.6.32 అధ్యాయంలో దీన్ని ఒప్పుకుంది. రక్తం తీసి వదిలిన పీతల్లో 15 నుంచి 30 శాతం దాకా చస్తాయని అంచనాలున్నాయి. ఇంత తెలిశాక పాతదాన్నే పట్టుకోవడం సరికాదు.

చంద్రగిరి_క్యూసీ
మైక్రో గారూ, బీటా గ్లూకాన్‌ను అడ్డుకునే బఫర్ ఎల్ఏఎల్‌కూ ఉంది. అది ఒక్కటే కారణంగా మారనక్కర్లేదు. చిన్న ల్యాబులో జెల్‌క్లాట్ (గడ్డ పడిందో లేదో కంటితో చూసే ఎల్ఏఎల్ పద్ధతి) ఎందుకు నిలిచిందో చూడండి. 10×75 మిల్లీమీటర్ల గాజు ట్యూబుల్ని 250 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు కాల్చాలి. 0.1 మి.లీ. శాంపిల్, 0.1 మి.లీ. లైసేట్ కలిపి 37 డిగ్రీల బాత్‌లో 60 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత ట్యూబును 180 డిగ్రీలు తలకిందులు చేస్తే గడ్డ నిలిస్తే పాజిటివ్, జారితే నెగటివ్. కరెంటు, బాత్, కన్ను ఉంటే చాలు.

రీకాంబినెంట్ పద్ధతికి 380 నానోమీటర్ల దగ్గర కాంతినిచ్చి 440 నానోమీటర్ల దగ్గర చదివే ఫ్లోరోమీటర్ ప్లేట్ రీడర్ కావాలి. పైగా పశువుల టీకా శాంపిల్ మురికిది. గాలికుంటు వైరస్‌ను పెంచే బీహెచ్‌కే-21 కణాల చెత్త, సీరం ఉంటాయి. సీరంలోని ప్రోటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు), కోసినప్పుడు మెరిసే కిట్ పదార్థాన్ని నేరుగా కోసేస్తే, లేని ఎండోటాక్సిన్ ఉన్నట్టు రీడింగ్ వస్తుంది. పదింతలు పలుచన చేసి 75 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాక చదివితేనే నమ్మాలి. ఏ పద్ధతైనా స్పైక్ రికవరీ (తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపితే అందులో తిరిగి కనపడేది) 50 నుంచి 200 శాతం మధ్య రాకపోతే ఆ రీడింగ్‌కు విలువ లేదు.

పలమనేరు_పాడి
అన్నా, టీకాలో నూనె ఉంటుంది కదా. తయారైన సీసాలోంచే తీసి పరీక్షిస్తారా?

గోవిందరాజు_వెట్
అడగాల్సిన ప్రశ్న ఇదే, పై ఇద్దరూ దీన్ని వదిలేశారు. నూనె ఎమల్షన్‌లో కలిశాక ఎండోటాక్సిన్ నూనె, నీటి పొరల మధ్య చిక్కుకుంటుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ అయితే దాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. రెండిట్లోనూ రీడింగ్ తక్కువొస్తుంది, ఏ కిట్ వాడినా. ఇక్కడ పీతదైనా, ల్యాబుదైనా ఒకటే. గాలికుంటు టీకాకు శాంపిల్ తీయాల్సింది యాంటిజెన్ కాన్సెంట్రేట్ (చిక్కబరిచిన వైరస్ సరుకు) తయారై, అడ్జువెంట్ (టీకా బలం పెంచే నూనె, అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటివి) కలవకముందు. నీరు, సీరం, ఫిల్టర్, పాత్రలను విడివిడిగా చూడాలి. వైరస్‌కు సొంత ఎండోటాక్సిన్ లేదు కాబట్టి అక్కడ కనపడిందంతా బయటి నుంచి వచ్చిందే.

గొంతువాపు టీకా సంగతి వేరు. అది పాశ్చురెల్లా మల్టోసిడా అనే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాను ఫార్మలిన్‌తో చంపి చేసింది. దాని గోడలోనే ఎండోటాక్సిన్ ఉంది, పరీక్షిస్తే ఎప్పుడూ పాజిటివే. అక్కడ ఉందా లేదా అని అడగకూడదు, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఎంత తేడా అని అడగాలి. ఆ లెక్కకు గడ్డ పడిందా లేదా అని చెప్పే జెల్‌క్లాట్ చాలదు, అంకె రావాలి. అందుకే ఇక్కడ రీకాంబినెంట్ పద్ధతే మేలు. మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్ ఎంజైమును అడ్డుకోకుండా అనుమతించిన మేరకు పలుచన చేయాలి. జబ్బవాపు టీకా క్లాస్ట్రిడియం చొవోయీది, గ్రామ్ పాజిటివ్. అందులో ఎండోటాక్సిన్ దొరికితే కాలుష్యమే.

చంద్రగిరి_క్యూసీ
గొంతువాపు విషయం ఒప్పుకుంటున్నా, నా వాదన అక్కడ నిలవదు. కానీ గాలికుంటు యాంటిజెన్‌కు జెల్‌క్లాట్‌ను వెంటనే తీసేయమంటే ఒప్పుకోను. ముందు ఒకే శాంపిల్‌పై రెండు పద్ధతులూ కనీసం మూడు బ్యాచ్‌లు పక్కపక్కనే నడపాలి. ఒకే కంట్రోల్ స్టాండర్డ్ ఎండోటాక్సిన్ (బలం తెలిసిన పోలిక సరుకు), ఒకే నీరు వాడాలి. తేడా వస్తే ముందు పీహెచ్ చూడండి, 6 నుంచి 8 మధ్య లేకపోతే రెండూ తప్పే చెబుతాయి. ట్యూబు, టిప్ ప్లాస్టిక్కుకు ఎండోటాక్సిన్ అంటుకోవడం ఇంకో కారణం. ప్రతి పలుచనకు ముందు నిమిషం పాటు వోర్టెక్స్ చేయకపోతే (యంత్రంతో గిరగిరా కలపకపోతే) రీడింగ్ తక్కువ వస్తుంది.

కపిలతీర్థం_మైక్రో
పక్కపక్కనే నడపడానికి నాకు అభ్యంతరం లేదు. దానికి గడువు ఉండాలి, అంతే. గడువు లేకపోతే పాత పద్ధతే అలవాటుగా మిగులుతుంది, రక్తం కోసం పీతల్ని ఇంకా పడుతూనే ఉంటారు. మూడు బ్యాచ్‌లకు స్పైక్ రికవరీ రెండు పద్ధతుల్లోనూ హద్దుల్లో ఉంటే ఆ టీకాకు ఎల్ఏఎల్ ఆపేయాలి. అమెరికా ఫార్మకోపియా కూడా 2025 మేలో 86వ అధ్యాయంతో రీకాంబినెంట్ రీఏజెంట్లకు తలుపు తీసింది.

పలమనేరు_పాడి
పాడి వాళ్లకు చెప్పేటప్పుడు ఒక విషయం కలపాలి. గొంతువాపు టీకా తర్వాత తేలికపాటి జ్వరం రావడం మామూలే, టీకా చెడిపోయినట్టు కాదు. మూడో రోజుకూ పాలు తిరిగి రాకపోతేనో, జ్వరం తగ్గకపోతేనో సీసా బ్యాచ్ నంబర్ రాసుకుని పశువైద్యుడికి చెప్పాలి. ఆ నంబర్ లేకపోతే ఏ కిట్‌తోనూ వెనక్కి వెళ్లి చూడలేరు.