డాడీకి కూర్చుంటే బీపీ నార్మలే, లేస్తే కళ్ళు తిరుగుతున్నయి, ఎందుకు?

మలక్‌పేట్_పిలగాడు:
మా డాడీకి షుగర్ చాలా ఏళ్ళ సంది ఉంది. ఈ మధ్య పొద్దున మంచం మీంచి లేవంగనే కళ్ళు చీకట్లు కమ్ముతున్నయంటుండు, గోడ పట్టుకుని కాసేపు నిలబడితే సర్దుకుంటది. ఇంట్ల మిషన్‌తో కూర్చోబెట్టి చూస్తే 130/80. పక్కింటి ఆంటీ నీరసం, బత్తాయి జ్యూస్ ఇయ్యుండ్రి అంటది, షుగర్ పేషెంట్‌కి! ఎవరో అటానమిక్ నరాలు అన్నరు, అదేంటో జర చెప్పుండ్రి.

నరాల_పిచ్చోడు:
కూర్చోబెట్టి చూస్తే దొరకదు బ్రో. లేచి నిలబడగానే అర లీటర్ దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోద్ది, బీపీ పడబోద్ది. మెడలో కెరోటిడ్ ధమని దగ్గర, గుండె పైన అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) వంపులో బారోరిసెప్టర్లు, అంటే ప్రెషర్ కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి, రక్తనాళం గోడ సాగడం తగ్గిందంటే వెంటనే మెదడు అడుగున ఉండే మెడుల్లాకి కబురెళ్తది, అక్కడ్నుంచి సింపథెటిక్ నరాలు రక్తనాళాల్ని బిగించి గుండె వేగం పెంచుతాయి, అంతా సెకన్లలో. ఇలా మన ప్రమేయం లేకుండా వాటంతట అవే పనిచేసేవే అటానమిక్ నరాలు, ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే ఈ నరాలే దెబ్బతింటాయి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 1, 3 నిమిషాలకి చూడు. పై నంబర్ 20 గానీ కిందిది 10 గానీ పడితే లెక్కలోకి వస్తది. పల్స్ కూడా రాయి.

గోలీల_అన్న:
ముందుగాల ఏం గోలీలు వేస్తుండో చూడు తమ్మీ. బీపీవి, మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే నీళ్ళ గోలీలు, ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్, ఇవన్నీ నిలబడితే బీపీ పడేస్తయి. మీ అంతట మీరు బంద్ చేయకుండ్రి కానీ.

యోగా_లవర్:
సింపథెటిక్ అంటే టెన్షన్ నరాలు కదా, రోజూ ప్రాణాయామం చేస్తే తగ్గిపోతుంది.

నరాల_పిచ్చోడు:
సింపథెటిక్ లేకపోతే అసలు నిలబడలేం మేడమ్! ఇక్కడ ప్రాబ్లమ్ అది ఎక్కువై కాదు, పని చేయక. వేగస్ నరం సంగతి కూడా చెప్తా, గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టుకుంటది, వేగసే ఎప్పుడూ లాగిపట్టి 70కి అటూ ఇటూ ఉంచుద్ది. షుగర్‌లో మామూలుగా ముందు దెబ్బతినేది అదే, అందుకే కొందరికి ఊరికే కూర్చున్నా పల్స్ 90 పైనే. ఇంకో డేంజర్, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు కూడా వీళ్ళకి సరిగ్గా తెలియకపోవచ్చు.

మలక్‌పేట్_పిలగాడు:
చూసిన అన్నా. పడుకుంటే 138/82, పల్స్ 92. నిలబెట్టినంక 110/68, పల్స్ 95.

నరాల_పిచ్చోడు:
28 పడింది, పల్స్ మాత్రం కదల్లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గి పడితే పల్స్ బాగా పెరగాలి, ఇది నరాల వైపే చూపిస్తోంది. ఈ రీడింగ్స్, గోలీల లిస్ట్ పట్టుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి పోండి. అప్పటిదాకా లేచేటప్పుడు మంచం అంచున కూర్చుని కాళ్ళు ఆడించి, ఆ తర్వాతే నిలబడమను.