బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే: చిత్తూరుకు వచ్చే దారా, చిత్తూరును దాటిపోయే దారా?

మామిడితోట (పలమనేరు)

మా ఊరి రచ్చబండ దగ్గర ఏళ్ల తరబడి తెగని వాదన ఇది. బెంగళూరు పక్కన హోస్కోటె నుంచి చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దాకా సుమారు 260 కిలోమీటర్ల రోడ్డు. 2022 మే నెలలో ప్రధాని చెన్నైలో శంకుస్థాపన చేశారు. మన జిల్లాలో వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, గుడిపాల వైపుగా సాగుతుంది.

మా నాన్న తోటలో రెండెకరాలు దాని కింద పోయాయి. పరిహారం అందింది, అందలేదని అబద్ధం చెప్పను. నా బాధ మిగిలిన తోట గురించి. అది రోడ్డుకు అవతల పడిపోయింది. ఇంతకు ముందు గట్టు దాటితే చెట్ల కింద ఉండేవాళ్లం. ఇప్పుడు ట్రాక్టరు అండర్‌పాస్ దాకా పోయి, అవతల మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. గట్టి వాన కురిస్తే అందులో మోకాలి లోతు నీళ్లు. కాయలు కోతకొచ్చిన వారంలో ఆ నీళ్లు తీసేదాకా ఆగుతామా? 2025లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలు, ప్రభుత్వం కలిపే 4 రూపాయలు, మొత్తం కిలోకు 12 అన్నారు. ఆ ధరలో చుట్టుదారి డీజిలు కూడా రైతే పెట్టుకోవాలి.

ట్రాక్టరుకు ఆ రోడ్డు మీద ప్రవేశం లేదు. బైకుకు లేదు, ఆటోకు లేదు. మరి ఇది మన రోడ్డని ఎలా అనుకోవాలి?

స్టీరింగు (తిరుపతి)

తమ్ముడూ, నీ తోట కష్టం కాదనను. కానీ చిత్తూరు–బెంగళూరు పాత రోడ్డు మీద బతికేవాడిగా నా మాట కూడా విను. బెంగళూరు నుంచి కొండకు వచ్చే భక్తులను పద్దెనిమిదేళ్లుగా నా ట్యాక్సీలో తీసుకొస్తున్నాను. రాత్రిపూట మొగిలి ఘాట్ దిగుతుంటే ముందూ వెనకా లారీలే. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నప్పుడు పోయిన ప్రాణాలు మనవాళ్లవి. చెన్నై పోయే లారీలన్నీ కొత్త రోడ్డెక్కితే, దాని మీద ఒక్కసారీ అడుగు పెట్టనివాడికి కూడా ఘాట్ రోడ్డు తేలికవుతుంది. వి.కోట టమాటా తెల్లవారేలోపు చెన్నైలోని కోయంబేడు మార్కెట్టు చేరితే దాని ధర వేరు, ఎండెక్కాక చేరితే వేరు. ఆ లాభం రైతుది కాదా?

కొలతబద్ద (చిత్తూరు)

స్టీరింగు అన్నా, లారీలన్నీ కొత్త రోడ్డెక్కుతాయన్న చోటే నాకు సందేహం. టోలు పాత రోడ్డు కన్నా బరువుగా ఉంటే లారీ యజమాని ఘాట్‌నే ఎంచుకుంటాడు. పైగా టోలు రేటు ఒకేలా ఉండదు. 2008 నాటి నిబంధనల ప్రకారం ఏటా 3 శాతం, దానికి తోడు టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలిపి పెంచుకుంటూ పోతారు. టోలు ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉన్న సొంత వాహనదారులకు నెల పాస్ ఉందంటారు. సర్వీసు రోడ్డో మరో దారో ఉంటే అది ఇవ్వరని అదే నిబంధన చెబుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన 3,000 రూపాయల వార్షిక పాస్ సొంత కార్లకే, మీ ట్యాక్సీకి రాదు.

చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి పోయే రోగి కోసం ఈ రోడ్డు వేయలేదు. రెండు మహానగరాల మధ్య గంటలు తగ్గించడానికి వేశారు. అందులో తప్పేమీ లేదు. దాని నుంచి మనం ఏం రాబట్టుకుంటామన్నదే అసలు ప్రశ్న. చిత్తూరు–తచ్చూరు రోడ్డు కూడా పూర్తయితే ఎన్నూరు వైపు రేవులకు నేరుగా దారి పడుతుంది. మామిడి గుజ్జు డబ్బాలు ఎగుమతి చేసే ఊరికి అది చిన్న విషయం కాదు. అందుకే నేను రోడ్డుకు వ్యతిరేకిని కాను.

కౌండిన్య తీరం

ఇంతసేపటికీ ఏనుగుల మాట ఎవరూ ఎత్తలేదు. నేను పలమనేరు పక్కన పిల్లలకు చదువు చెబుతాను. కౌండిన్య అభయారణ్యం మా బడి కిటికీలోంచి కనిపిస్తుంది. 2023 జూన్‌లో పాత రహదారి దాటుతున్న మూడు ఏనుగులను ఒక వాహనం గుద్ది చంపింది. మరునాడు తరగతిలో పాఠం సాగలేదు. చూసి వచ్చిన పిల్లలు దాని గురించే మాట్లాడారు.

ఏనుగు తన దారి మార్చుకోదు. కంచె వేస్తే కంచె వెంట నడిచి పొలాల్లో పడుతుంది, నష్టం మళ్లీ రైతుకే. పెంచ్ పులుల అడవి దగ్గర 44వ జాతీయ రహదారిని స్తంభాల మీద ఎత్తుగా కట్టి కింద జంతువులకు దారి వదిలారు. అక్కడి కెమెరాల్లో పులులు కూడా దాటుతూ కనిపించాయి. బందీపూర్‌లో 2009 నుంచి రాత్రి రాకపోకలే ఆపారు. చేయాలనుకుంటే మార్గాలున్నాయి. మీ వేగం లెక్కల్లో వాటి ప్రాణం కూడా కలపండి.

స్టీరింగు (తిరుపతి)

అమ్మా, ఆ ఏనుగులు పోయినప్పటి నుంచి నేను కూడా ఆ మలుపుల్లో వేగం తగ్గించే నడుపుతున్నాను. దీని మీద మీతో వాదన లేదు. కొలతబద్ద గారూ, ట్యాక్సీకి పాస్ రాదన్నది నిజం. అయినా గంటన్నర మిగిలితే రోజుకు ఇంకో చిన్న ట్రిప్పు పడుతుంది, టోలు అందులో వెళ్లిపోతుంది. రోడ్డు కావాలనే నా మాట.

మామిడితోట (పలమనేరు)

అన్నా, రోడ్డు వద్దని నేనూ అనడం లేదు. పోయిన భూమి తిరిగి రాదు. కర్ణాటకలో హోస్కోటె వైపు సుమారు 70 కిలోమీటర్లు 2024 చివర్లోనే తెరిచారు, ఇక్కడ కూడా రోజూ బండ్లు తిరిగే రోజు వస్తుంది. ఆలోగా మూడు పనులు కావాలి: అండర్‌పాస్‌లో నీళ్లు నిలవకుండా కాలువ, తోటల వెంట ట్రాక్టరు పట్టే మట్టిదారి, పంతులమ్మ గారు చెప్పిన ఏనుగుల దారి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. బైరెడ్డిపల్లె, గుడిపాల రైతులు మీ దగ్గర నీళ్లు నిలిచే చోట్ల ఫొటోలు, సర్వే నంబర్లు ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడ పెట్టండి. అన్నీ ఒకే అర్జీలో చేరుస్తాను.